పోలిక

కుంచె పట్టిన ఆర్నెల్ల నుంచీ ప్రతి ఆదివారం అత్తగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టి బొమ్మ వేస్తోంది కోడలు.

మొదటి బొమ్మలో ముక్కు వంకర. రెండోది చూసి, "ఈ మీసాలాయన ఎవరమ్మా?" అంది అత్తగారు. అది నీడ అని చెప్పలేక కోడలూ నవ్వేసింది.

ఇరవై అయిదో బొమ్మలో ముక్కు, మూతి, నీడ అన్నీ కుదిరాయి. కానీ వయసు ముప్పై ఏళ్లు తగ్గిపోయి, ఎవరో పరాయి మనిషిలా ఉంది.

"నావల్ల కాదత్తయ్యా!" అంటూ చింపబోయింది.

అత్తగారు గభాల్న లాక్కుని, వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసింది.

"చింపుతావేమే! మా అమ్మే ఇది. నా పదో ఏట పోయింది. ఒక్క ఫొటో కూడా లేదు. మొహం మర్చిపోయాననే అనుకున్నా."

తడికళ్లతోనే నవ్వింది.

"ఎడమ బుగ్గ మీద చిన్న పుట్టుమచ్చ పెట్టు."