రెనే పేరు మీది గీత

యానాంలో ఇళ్లు మనుషుల్ని పేరుతోనే పోల్చుకునే రోజులవి. పొద్దున్నే ఇంట్లో అందరూ గోడ తెర కింది మీటల మీద తమ పేర్లు కొడితేనే కుళాయి తిరిగేది, పొయ్యి వెలిగేది. సత్యవేణి భర్త రెనే పేరులో, ఫ్రెంచివాళ్ల కాలం నాటి ఆనవాయితీగా, చివరి 'e' అక్షరం నెత్తిన చిన్న వాలుగీత ఉండేది. ఆ రోజు మీట ఎంతసేపు నొక్కిపట్టినా గీత రాలేదు. తెర మీద ఖాళీ గడి పడింది.

"గీత లేకుండా కొట్టేయండి," అంది సత్యవేణి.

"అలా కొడితే నేను కాదనుకుంటాదే ఇల్లు," అన్నాడాయన.

షుగరు మనిషికి టిఫిను ఆలస్యమవుతుందని ఆమె తనే గీత లేకుండా కొట్టేసింది. వీధి తలుపు గడియ దానంతటదే పడింది.

"అమ్మా, భయపడకండి," అంది ఇల్లు మెత్తగా. "మీ పక్కన ఎవరో పరాయి మనిషి ఉన్నాడు. పట్టుకెళ్లేవాళ్లు బయల్దేరారు."