వీడ్కోలు సంచిక

"ఇయ్యాల్టితోని గీ పీడ పోతది అబ్రహాం సార్!" అంటూ లక్ష్మీరాజం ఎర్ర పెన్నుకు మూత పెట్టాడు.

కరీంనగర్ నుంచి వెలువడే ఒక చరిత్ర పరిశోధన పత్రికకు పన్నెండేళ్లుగా వాళ్లిద్దరే సంపాదకులు. రిటైరైన లెక్చరర్లు. ఏ వ్యాసాన్నీ మొదటిసారికే ఒప్పుకున్నది లేదు. "ఆధారమేది?" అని ఒకరు తిప్పి పంపితే, "సగానికి కుదించండి" అని మరొకరు తిప్పి పంపేవారు. కోటల మీద రాసిన ఒకాయన మూడుసార్లు తిరగరాసి, నాలుగోసారి వ్యాసానికి బదులు తాను దండం పెడుతున్న ఫొటో పంపాడు.

ప్రూఫులు దిద్ది దిద్ది ఇద్దరికీ కళ్లు మసకబారాయి. ఈ పని వదిలితే చాలని లక్ష్మీరాజం కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాడు. అబ్రహాం ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన చేశాడు. చివరికి నిర్మల్ నుంచి రాంచందర్ అనే ప్రొఫెసర్ వాళ్ల స్థానంలోకి రావడానికి సరేనన్నాడు.

వీడ్కోలు సభలో శాలువాలు కప్పారు. లక్ష్మీరాజం మైకు అందుకున్నాడు.

"రేపటి సంది ఇంట్లనే ఉంట. వంటింట్ల మా వినోద పక్కకే కూసుంట. పప్పుల ఉప్పెంత, పోపు ఎప్పుడు, అన్ని దగ్గరుండి చూస్కుంట."

"నేను గూడ," అన్నాడు అబ్రహాం. "మా దెబోరా సండే స్కూల్ల పాఠం చెప్తది. ఇగ ప్రతి పాఠం నేను దిద్దినంకనే పిల్లలకు."

చప్పట్లు మోగాయి. ముందు వరుసలో వాళ్ల భార్యలిద్దరూ కొంగులు కళ్లకు అద్దుకున్నారు.

"ఎట్లనక్కా ఇగ?" అంది దెబోరా.

"దేవుడే దిక్కు," అంది వినోద. ఇద్దరూ చేతులు పట్టుకుని, కళ్లు మూసుకుని, పెదవులు కదిపారు.

"చూసిన్రా సార్? మనం దిగిపోతుంటే మనకన్న ఆళ్లకే దుఃఖమైతుంది," అన్నాడు లక్ష్మీరాజం.

"పాపం, పన్నెండేండ్ల పేరాయె."

అంతలో పత్రిక కమిటీ అధ్యక్షుడు భూమన్న ఫోను మాట్లాడి వచ్చాడు. మొహం వేలాడేసుకున్నాడు.

"రాంచందర్ సార్ రాడట. ఢిల్లీల కొలువైందట. ఇంకో ఐదేండ్లు మీరే జర సూడుండ్రి సార్లూ, మీ కాల్మొక్త!"

మాట కొట్టేయలేక ఒప్పుకున్నారు. శాలువాలు చంకన పెట్టుకుని మెట్లు దిగారు.

"నూటొక్క కొబ్బరికాయలు మొక్కితి. అంజన్న ఎందుకు ఇనలే?" అన్నాడు లక్ష్మీరాజం.

"నేను పస్తులున్న. దేవుడు గూడ మనలెక్కనే తిప్పి పంపిండు సార్! ఆధారం సాలలేదో ఏమో!"

ఆ ఆదివారం చర్చిలో దెబోరా కృతజ్ఞత కానుక చెల్లించింది. మంగళవారం వినోద కొండగట్టులో తన మొక్కు తీర్చుకుంటుంటే కొబ్బరికాయల సంచి కూడా దెబోరాయే మోసింది.