బెండతోటలో జెండా

“మీది గీడనేనా సారు?”

గంగాధరరావు స్కూటర్ వెనక ఎక్కబోతూ అడిగాడు ఆ కూలిమనిషి. ఎల్బీనగర్‌లో కూలీల అడ్డా, పొద్దున ఆరు గంటలు. రోడ్డుకు అవతల దీక్షా శిబిరంలో అప్పుడే మైకు సర్దుతున్నారు. అడిగిన మనిషికి నలభై ఏళ్ళుంటాయి. నుదుటికి ‘జై తెలంగాణ’ పట్టీ కట్టుకున్నాడు.

“గీడనే. తాతల కాన్నుంచి గీడనే,” అన్నాడు గంగాధరరావు. ఆయన పుట్టింది గుడివాడలో. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పుకుని బతుకుతున్నాడు.

ఆ మనిషి పెద్దగా ఊపిరి వదిలాడు. తన పేరు మల్లేశమనీ, నల్లగొండ దిక్కు నుంచి వచ్చాననీ చెప్పి బండెక్కాడు. ఆ ఊపిరి మాస్టారికి బుస కొట్టినట్టే వినిపించింది.

నిక్షేపంలాంటి మనిషి అబద్ధమెందుకు ఆడాలంటే, బెండకాయల కోసం. రెండువేల పదకొండు వేసవి అది. బందులతో కోచింగ్ సెంటర్ సగం రోజులు మూతపడుతుంటే ఊరికే కూర్చోలేక, పెద్ద అంబర్‌పేట్‌లో ఎకరం కౌలుకు తీసుకుని బెండ వేశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటి పంట. మొదటి బుట్ట కర్మన్‌ఘాట్ హనుమంతుడికిస్తానని మొక్కుకున్నాడు కూడా. ఎండకు తాళలేక ఇద్దరు కూలీలు చెప్పకుండా మానేశారు. ఇంకో ఇరవై రోజుల్లో కాపుకొస్తుంది. దినం తప్పించి దినం కొయ్యకపోతే బెండ ముదిరిపోతుంది. ఆంధ్రావాడి చేలో పని చెయ్యనని ఈ మూడోవాడు కూడా వెళ్ళిపోతే, పంటంతా పశువుల పాలే.

మల్లేశం పనిమంతుడు. చేలో అడుగుపెడుతూనే చేసిన మొదటి పని మాత్రం, సంచీలోంచి ఒక ఉద్యమ జెండా తీసి కర్రకు కట్టి గట్టు మీద పాతడం. రోజూ పొద్దున్నే దానికి దండం పెట్టేవాడు. తాను పెట్టకపోతే ఏమనుకుంటాడోనని మాస్టారూ పెట్టేవాడు. ఆయన పెట్టాడు కదా అని మల్లేశం ఇంకోసారి పెట్టేవాడు. ఒకరు ఆపితేగాని ఇంకొకరు ఆపరు. కలుపుతీత రోజూ పావుగంట ఆలస్యంగా మొదలయ్యేది.

ఇక భాష సంగతి చెప్పనక్కర్లేదు. ఆటోవాళ్ళ దగ్గరా, తన విద్యార్థుల దగ్గరా విన్న మాటలన్నీ కూడగట్టుకుని మాస్టారు, జర పైపు తెమ్మనీ, జర మందు కొట్టమనీ చెప్పేవాడు. మల్లేశం అంతకు రెండు ‘జర’లు ఎక్కువే వేసి బదులిచ్చేవాడు. వీడు నన్ను పరీక్షిస్తున్నాడని మాస్టారికి చెమటలు పట్టేవి.

పొలం యజమాని రామచంద్రం కర్మన్‌ఘాట్ పాతకాపు. ఒకరోజు చేను చూడటానికి వస్తే, మాస్టారు ఆయన్ని చాటుకు తీసుకెళ్ళి, తన ఊరి పేరు మల్లేశం దగ్గర ఎత్తవద్దని బతిమాలాడు.

“మా కొట్లాట రాజ్యంతోని సారు, నీతోని గాదు. నీ మాట నువ్వు మాట్లాడుకో, ఎవలేమంటరు?” అన్నాడు రామచంద్రం.

మాస్టారు వినలేదు. రామచంద్రం మోటారు గది నీడలో కూర్చుని ఆ ఇద్దరి సంభాషణ అరగంట విన్నాడు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వి నవ్వి, మస్తు మాట్లాడుతున్రని మెచ్చుకుని వెళ్ళిపోయాడు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

అసలు గండం క్యారేజీలో వచ్చింది. భార్య హనుమాయమ్మ ఓ రోజు ఆవపెట్టిన పనసపొట్టు కూర పంపింది. మూత తియ్యగానే, ఈ కోస్తా కూర తన గుట్టు బయటపెడుతుందని మాస్టారు గబుక్కున మళ్ళీ మూత పెట్టబోయాడు. దాచే లోపే మల్లేశం చూశాడు. పెట్టక తప్పలేదు. ఒక ముద్ద నోట పెట్టుకుని మల్లేశం అటు తిరిగిపోయాడు. ఎంతసేపటికీ ఇటు తిరగలేదు. ఏమైందంటే ఘాటుకు కళ్ళనీళ్ళొచ్చాయన్నాడు. మర్నాడు మాస్టారు ముందుజాగ్రత్తగా ఉత్త పప్పు తెస్తే, నిన్నటి కూర లేదా అని ఆరా తీశాడు. సాక్ష్యాలు పోగుచేస్తున్నాడని మాస్టారు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

అయినా మల్లేశం మానలేదు. బోరు పాడైనప్పుడు తెల్లవార్లూ చేలోనే ఉండి బాగుచేయించాడు. మాస్టారికి వడదెబ్బ తగిలితే భుజాన వేసుకుని రోడ్డుదాకా మోశాడు. దాంతో మాస్టారికి భయంతో పాటు సిగ్గు కూడా పట్టుకుంది. ఇంత మంచివాడితో రోజూ అబద్ధమే కదా అని కుమిలిపోయాడు.

మొదటి కోత మంగళవారం పడింది. బుట్ట ఒళ్ళో పెట్టుకుని మల్లేశం స్కూటర్ వెనక కూర్చుంటే ఇద్దరూ కర్మన్‌ఘాట్ వెళ్ళారు. పూజారి బుట్ట అందుకుని, లేత బెండలు చూసి ముచ్చటపడి, ఏ ఊరు నాయనా అని అడిగాడు. అలవాటైన ‘గీడనే’ మాస్టారి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎదురుగా సిందూరంతో ధగధగలాడుతూ స్వామి. మాస్టారు బదులు చెప్పకుండా మల్లేశాన్ని చెయ్యి పట్టుకుని మంటపంలో ఒక స్తంభం పక్కకు తీసుకెళ్ళాడు.

“మల్లేశం, నేను ఇక్కడివాణ్ణి కాను. మాది గుడివాడ. నువ్వు పని మానేస్తావని ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పాను. రేపటినుంచి రానన్నా నీ తప్పు లేదు. నన్ను క్షమించు.”

మల్లేశం నుదుటి పట్టీ విప్పి జేబులో పెట్టుకున్నాడు. గర్భగుడి వైపు తిరిగి లెంపలు వేసుకున్నాడు. చుట్టుపక్కల ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని, మాస్టారి చెవి దగ్గరకు వంగాడు.

“ఆయ్, మాది అమలాపురమండి.”