తల ఎత్తనివాడు

“తల ఎత్తకు!” అని యుగంధర్ అరిచేలోపే గణేష్‌బాబు తల ఎత్తేశాడు. బంతి కుడివైపుకి వంకర తిరిగి, నీళ్ళు పారే పంటబోదె పక్కనున్న మందార మొక్కల్లో పడింది.

“క్రికెట్ బుద్ధి,” అన్నాడు వసారాలో కూర్చున్న పల్లంరాజు. “పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు.”

కడియం దగ్గర లాన్ గడ్డి పెంచే నర్సరీ అది. అమ్ముడుపోని నాలుగెకరాల గడ్డిని అద్దెకి తీసుకుని యుగంధర్ గోల్ఫ్ నేర్పుతున్నాడు. వచ్చే నెల విశాఖలో కొత్త ఆటగాళ్ళ పోటీ ఉంది. ఇక్కడినుంచి ఒక్కరికే చోటు. ఆ ఒక్కరినీ ఎంచడానికి పల్లంరాజు పొద్దున్నే విశాఖ నుంచి దిగాడు. ఇరవయ్యేళ్ళుగా ఆడుతున్న మనిషి. క్రికెట్ ఆడినవాడికి గోల్ఫ్ రాదని ఆయనకి గట్టి నమ్మకం. తీరా వచ్చి చూస్తే బరిలో మిగిలిన ఇద్దరూ క్రికెట్ వాళ్ళే.

తలా ఐదు బంతులు. బోదె దాటించి, వంద గజాల అవతల జెండా చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీద వెయ్యాలి. నిడదవోలు గణేష్‌బాబు ఒకప్పుడు కాలేజీ జట్టుకి ఓపెనర్. ఐదింట్లో రెండు వేసి, చెమట తుడుచుకుంటూ వచ్చి పల్లంరాజు పక్కన కూర్చున్నాడు.

యుగంధర్ రెండోవాడి భుజం మీద చెయ్యేసి తీసుకొచ్చి నిలబెట్టాడు. మొగల్తూరు చిట్టియ్య. ముప్పైతొమ్మిదేళ్ళుంటాయి. టోపీ, నల్ల కళ్ళజోడు. ఆ ఎండకి అందరివీ అవే వేషాలు.

“మీరెక్కడ ఆడేవారండీ?” పల్లంరాజు గొంతు పెంచి అడిగాడు.

చిట్టియ్య ఇటు తిరిగాడు. “రాష్ట్ర జట్టుకి పదకొండేళ్ళు ఆడానండి.”

“రాష్ట్రానికా? మీ పేరు ఎప్పుడూ వినలేదే!”

“మా స్కోర్లు పేపర్లో పెద్దగా రావండి. ఈ ఏడు వయసైపోయిందని తీసేశారు. ఆట లేకుండా బతకటం నాకు చేతకాదండి. అందుకే దీన్ని పట్టుకున్నాను. ఇదీ పోతే ఇంక నాకేం లేదు.”

“మరి దానికీ దీనికీ తేడా ఏంటంటారు?”

“అక్కడ బంతి వస్తున్నానని చెప్పి వచ్చేదండి. ఇది మూగది. ఎంతసేపు నిలబడినా పలకదు.”

పల్లంరాజు నవ్వాడు. మాటకారే అనుకున్నాడు.

జెండా దగ్గర నిలబడిన చిట్టియ్య భార్య రూతు చప్పట్లు కొట్టింది. యుగంధర్ బంతి పెట్టి, చిట్టియ్య చేతిలోని క్లబ్బుని దాని వెనక ఆనించి, పక్కకి జరిగాడు. చిట్టియ్య ఊపాడు. ఊపుతూనే మోకాలు వంగింది. బంతి నేలబారున పాకి బోదెలో మునిగింది.

“స్వీప్ షాటు!” అన్నాడు పల్లంరాజు.

“ఆయన అన్నం తిన్నదే ఆ షాటు మీదండి,” అన్నాడు గణేష్‌బాబు.

“ఎక్కడ పడింది?” చిట్టియ్య అడిగాడు.

“బోదెలో. మోకాలు చూసుకోండి!” అన్నాడు యుగంధర్.

“అనుకున్నాను. తగిలిన చప్పుడే బాలేదు.”

రెండోది బోదె దాటింది గానీ ఎడమకి పోయింది. ఇక మిగిలిన మూడూ పడితేనే చిట్టియ్యకి విశాఖ.

పల్లంరాజుకి చిరాకేసింది. “ప్రతి బంతికీ దగ్గరుండి దిద్దాలా? చిన్నపిల్లాడా? ఆవిడ చప్పట్లేంటి, పెళ్ళిలోలాగా?”

“కొట్టనివ్వండి సార్. నాకేం అడ్డు కాలేదు,” అన్నాడు గణేష్‌బాబు.

“నువ్వు రోజూ చూస్తున్నావుగా. ఇతని గురించి నాకు తెలియాల్సింది ఏమన్నా ఉంటే చెప్పు. నీ పేరు రాసేసి నా దారిన నేను పోతాను.”

గణేష్‌బాబు విశాఖ వెళ్తున్నానని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాడు. సెలవు కూడా పెట్టేశాడు. ఆ చోటు తనకి కావాలి. చాలా కావాలి.

“మోకాలు వంగుతుందండి,” అన్నాడు. “అంతే.”

మూడో బంతి జెండాకి పది గజాల్లో పడింది. నాలుగోది అంతకంటే దగ్గరగా పడింది. పల్లంరాజు కుర్చీలో ముందుకి జరిగాడు. రెండూ రెండూ సమానం.

ఐదో బంతికి నిలబడగానే నర్సరీలో నీళ్ళ ఇంజను డగడగమని మొదలైంది. చిట్టియ్య క్లబ్బు దించేశాడు.

“ఇంజను ఆపితేగాని ఆడలేనండి.”

“ఇదెక్కడి సుకుమారం! పోటీలో చెవుల్లో దూది పెట్టుకుంటాడా?” అన్నాడు పల్లంరాజు. ఆయన మాట పూర్తవకుండానే గణేష్‌బాబు లేచి పరిగెత్తాడు. ఇంజను ఆగింది. అంతటా నిశ్శబ్దం. రూతు మూడుసార్లు చప్పట్లు కొట్టింది. చిట్టియ్య కదలకుండా విన్నాడు. ఊపాడు. ఈసారి మోకాలు వంగలేదు.

బంతి జెండా కర్రకి రెండడుగుల దూరంలో ఆగింది. ఇంజను పక్కనుంచి గణేష్‌బాబు ఈలేశాడు. ఓడినవాడు అంత సంతోషంగా ఈలెయ్యడం పల్లంరాజు ఎక్కడా చూడలేదు.

“ఐదు బంతులకీ ఒక్కసారి కూడా తల ఎత్తలేదయ్యా!” అన్నాడు పల్లంరాజు, గణేష్‌బాబు తిరిగొచ్చాక. “బంతి ఎటు పోయిందో చూడాలని ఎవడికైనా మెడ దానంతటదే లేస్తుంది. ఇరవయ్యేళ్ళయినా నాకే చేతకాలేదు. క్రికెట్ వాళ్ళ మీద నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.” జేబులోంచి పెన్ను తీసి ఫారం మీద చిట్టియ్య పేరు రాసి సంతకం పెట్టాడు.

“సంతకం అయిపోయిందాండి?” గణేష్‌బాబు తొంగి చూశాడు.

“అయింది.”

“ఇంక మార్చరుగా?”

“నా సంతకం నేనెందుకు మారుస్తాను?”

“అయితే ఇప్పుడు పిలవండి.”

“చిట్టియ్యగారూ, ఇలా రండి!” పల్లంరాజు చెయ్యి ఊపాడు.

జెండా దగ్గర్నుంచి అప్పుడే వచ్చిన రూతు, సంచిలోంచి తెల్లకర్ర తీసి భర్త చేతికిచ్చింది.