లోపలా, బయటా

"దొరికింది" అన్నాడు సృజన్. గట్టిగా అరిచే ఓపిక కూడా లేదు అతనికి. పదకొండు రోజులుగా పొద్దున్నే ఏడింటికల్లా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఊరి ఆఫీసు వెబ్‌సైట్‌లో టెర్మిన్ కోసం, అంటే వాళ్లిచ్చే అపాయింట్‌మెంట్ కోసం, వెతుకుతున్నాడు. అన్‌మెల్డుంగ్ అని ఉన్న చోటల్లా ఎర్రగడులే. ఇవాళ ఒక్కటి పచ్చగా కనబడింది. వెనకా ముందూ చూడకుండా నొక్కేశాడు. గురువారం, పొద్దున తొమ్మిదీ ఇరవై.

టీ గ్లాసుతో వచ్చిన ఈషా స్క్రీన్ చూసి గ్లాసు పక్కన పెట్టేసింది. "నా పేరు కొట్టు."

"నీ పేరెందుకు? చూసింది నేను, నొక్కింది నేను."

"ల్యాప్‌టాప్ ఎవరిది?"

అదీ నిజమే. సృజన్ ల్యాప్‌టాప్ రిపేరుకు వెళ్లి వారమైంది.

ఇద్దరూ జర్మనీలోని ఆకెన్ వచ్చి నెల కాలేదు. ఒకే ఇంట్లో చెరో గది. అన్‌మెల్డుంగ్ అంటే ఇక్కడి తెలుగు పిల్లలకి ఒకటే అర్థం, ఉంటున్న ఇంటి చిరునామాని ఆఫీసులో నమోదు చేయించుకోవడం. ఆ కాగితం సోమవారం లోపు చూపిస్తే బేకరీలో పని సృజన్‌ది. లేకపోతే ఇంకొకరిది. ఈషాకి ఆ కాగితం లేనిదే బ్యాంకు ఖాతా తెరవరు. చదువు కోసం తెచ్చుకున్న డబ్బు చేతికి రాక, పది రోజులుగా పెరుగన్నంతో సరిపెడుతోంది.

"ఇద్దరం పోదాం" అన్నాడు సృజన్.

"టెర్మిన్‌కి ఒక్కరే. మొన్న ఎదురింటోళ్లు ఇద్దరెళ్తే ఒకర్ని గుమ్మంలోంచే పంపేశారంట."

స్క్రీన్ మూల గడియారం వెనక్కి నడుస్తోంది. పది నిమిషాల్లో పేరు కొట్టకపోతే ఆ గడి ఇంకెవరో తన్నుకుపోతారు.

గొడవ విని పై గదిలోంచి సంయుక్త దిగివచ్చింది. రెండో సంవత్సరం చదువుతోంది, జర్మన్ బాగా వచ్చు, ఇంట్లో అందరికీ అక్క. ఇద్దరి మొర విని, సొరుగులోంచి పేకముక్కలు, డబ్బాలోంచి గుప్పెడు రాజ్మా గింజలు తీసింది.

"చెరో ఐదు గింజలు. లోపలా బయటా ఆడండి. రెండే ఆటలు. ఎవరి దగ్గర గింజలెక్కువ మిగిలితే టెర్మిన్ వాళ్లది."

"నాకు రాదక్కా" అన్నాడు సృజన్.

"క్యాసినోలో ఇంతకన్నా తేలిక ఆట లేదురా. మధ్యలో ఒక ముక్క తెరుస్తాను. తొమ్మిది అనుకో. తర్వాత లోపల ఒకటి, బయట ఒకటి వేసుకుంటూ పోతాను. ఇంకో తొమ్మిది ఏ వైపు పడుతుందో ముందే పందెం కాయాలి. పడితే కాసినంత వస్తుంది, లేకపోతే కాసింది పోతుంది. ఆటకి రెండు గింజలకి తగ్గకూడదు. ఊరికే కూర్చుంటే కుదరదు."

"మొదటి ముక్క ఎటేస్తావు?" అంది ఈషా.

"లోపలికి."

"అయితే లోపలికే గెలుపు ఒక పిసరు ఎక్కువ."

"పిసరే. అందుకే క్యాసినోవాళ్లు అటు గెలిస్తే పదికి తొమ్మిదే ఇస్తారు. గింజని నేను కొయ్యలేను కాబట్టి మొత్తం ఇస్తాను."

సృజన్‌కి అర్థమైంది, లెక్కలొచ్చిన పిల్లతో వచ్చిపడింది పందెం.

తొమ్మిది తెరుచుకుంది. "లోపల, రెండు" అంది ఈషా. "బయట, రెండు" అన్నాడు సృజన్, పౌరుషం కొద్దీ. మూడో ముక్కకే కళావరు తొమ్మిది వచ్చి లోపల పడింది. ఈషాకి ఏడు, సృజన్‌కి మూడు.

"నాలుగు నిమిషాలుంది" అంది సంయుక్త, పేక కలుపుతూ.

రెండో ఆటకి రాణి తెరుచుకుంది. ఈషా మళ్లీ లోపలికే రెండు తోసింది. పిసరు ఎక్కువున్న వైపు వదులుకునే రకం కాదు. సృజన్ తన మూడు గింజల వంక చూసుకున్నాడు. రెండు కాసి గెలిచినా సమానమే అవుతుంది. మూడూ తీసి బయట పెట్టేశాడు.

లోపల ఏడు. బయట ఆసు. లోపల జాకీ. బయట మూడు. లోపలికి పడే ప్రతి ముక్కకీ సృజన్ ప్రాణం పోతోంది, రాణి కాదని తెలియగానే తిరిగొస్తోంది. ఇరవై ముక్కలయ్యాయి. ఈషా కుర్చీలోంచి లేచి నిలబడింది.

"జల్దీ వెయ్యక్కా, టైమైపోతాంది" అన్నాడు సృజన్.

లోపల పది. బయట డైమన్ రాణి.

సృజన్‌కి ఆరు, ఈషాకి ఐదు. సృజన్ ఎగిరి ల్యాప్‌టాప్ మీద పడ్డాడు. సొంత పేరు రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారి సరిగ్గా కొట్టి, ఇంకో పన్నెండు సెకన్లు ఉందనగా నొక్కాడు. స్క్రీన్ పచ్చబడింది. జర్మనీలో దిగాక అంత సంతోషం కలగడం అదే మొదటిసారి. పని దొరికినట్టే, కష్టాలు తీరినట్టే.

ఈషా గింజలు డబ్బాలో పోసి మూత పెట్టింది. "వెళ్లు. హాయిగా ఒక్కడివే వెళ్లు" అంది, మొహం అటు తిప్పుకుని. అతనికి కొంచెం జాలేసింది కానీ టెర్మిన్ వదులుకునేంత జాలి కాదు.

ఫోన్‌లో మెయిల్ వచ్చింది. పేజీ నిండా జర్మనే. "అక్కా, ఏమేం కాయితాలు పట్టుకపోవాల్నో జర చూడు" అంటూ ఫోన్ సంయుక్తకిచ్చాడు.

సంయుక్త చదివింది. మళ్లీ మొదటినుంచీ చదివింది. సృజన్‌ని చూసింది, ఈషాని చూసింది.

"ఒక్కడివే వెళ్తే కుదరదురా."

"ఎందుకు? పాస్‌పోర్టున్నది, ఇంటి ఓనరు సంతకమున్నది, ఇంకేం గావాలె?"

"నువ్వు నొక్కింది ఇంటి అన్‌మెల్డుంగ్ కాదు, పెళ్లి అన్‌మెల్డుంగ్. పెళ్లికూతుర్ని వెంటబెట్టుకుని రమ్మంటున్నారు."