ఇల్లు చేరిన కావడి

డబ్బా మూత టప్పున వేసి, దాని మీదెక్కి కూర్చుంది ఆ అమ్మాయి.

డబ్బా కిమ్మనలేదు.

"ఇదే కావాలి," అంది.

బైకు సామాన్ల కొట్టువాడు నవ్వాడు. "నువ్వు కూర్చోడానికా అక్కా, సామాను పెట్టడానికా?"

"మందుల సీసాలు పెట్టడానికి. రేపు కొండమీది ఆసుపత్రికి తీసుకెళ్లాలి."

ఇంట్లో ఆమెను అందరూ పంతం అంటారు. పట్టిన పట్టు వదలదని నాయనమ్మ పెట్టిన పేరు. భర్త పనిచేసే మిల్లు మూతపడ్డాక, ఆ పంతమే ఆమెను మందుల గోదాము గుమ్మం ఎక్కించింది. చెప్పులరిగేలా తిరిగితే, మందులు చేరవేసే పని ఇవ్వడానికి యజమాని ఒక మెలిక పెట్టి ఒప్పుకున్నాడు.

"ఇన్నాళ్లూ మోసిన పాత మనిషికి చేతులు వణుకుతున్నాయి కాబట్టి నీకిస్తున్నా. ఒక్క సీసా పగిలిందా, మళ్లీ ఆయన్నే పిలుస్తా. వణికినా దారి తెలిసినవాడు."

"అంత ఎత్తు డబ్బా వెనక పెడితే ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుందమ్మా."

ఆ మాట కొట్లో గోడవారనున్న బల్ల మీంచి వచ్చింది. ఎవరో పెద్దాయన, కోటు జేబుల్లో చేతులు దోపుకుని కూర్చున్నాడు.

"మిమ్మల్ని అడిగానా?"

"అడగలేదు."

"మరి?"

"నువ్వు అడిగేదాకా సీసాలు ఆగొద్దూ?"

"ఓహో! ఖరీదైన సరుకు అంటగట్టడానికి ఈ కొట్టువాడు కూర్చోబెట్టాడా మిమ్మల్ని?"

"ఖరీదైన సరుకు నీ కిందే ఉంది."

కొట్టువాడికి పొలమారింది.

"కావడి మోసేవాణ్ణి చూశావా?" అన్నాడు పెద్దాయన. "బరువంతా వీపుకెత్తుకోడు. అటు సగం, ఇటు సగం. బండికీ అంతే. రెండు పక్కలా సంచులు, కిందికి దించి కట్టాలి."

"సంచి మెత్తన. గాజు ఆగుతుందా అందులో?"

"గట్టి డబ్బాలో అయితే గాజు డబ్బాకే కొట్టుకుంటుంది."

మాటలకు పడే మనిషి కాదామె. కొట్లో పడున్న ఖాళీ సోడా సీసాల్లో నీళ్లు నింపింది. డబ్బాలో పేర్చి, వెనక సీటుకు బిగించి, బండి మీద వీధి చుట్టి వచ్చింది.

మలుపులో హ్యాండిల్ చేతికి దూదిలా తేలింది. గతుకులో వెనక నుంచి గాజుల మలారం దొర్లినట్టు చప్పుడు.

వచ్చి మూత తీస్తే ఒక సీసాకు మెడ లేదు.

"మీ మాట విని కాదు," అంది పళ్లు బిగించి. "నా కళ్లతో చూశాను గనక. తమ్ముడూ, సంచులు చూపించు."

కొట్టువాడు కొత్తవి తీశాడు. ఆమె పట్టీ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. కుట్టు పర్రుమంది.

"ఇవి వంకాయలకు పనికొస్తాయి. ఆ బల్ల కిందవేంటి?"

"అవి... పొద్దున్నే వచ్చాయక్కా. పాతవి. అమ్మాలో వద్దో..." కొట్టువాడు బుర్ర గోక్కున్నాడు.

"పాతవైతేనేం, గట్టివేగా," అన్నాడు పెద్దాయన. "ఇచ్చెయ్యి."

మందపాటి కాన్వాసు సంచులు. ఆమె గుంజితే ఆమే ముందుకు తూలింది. అప్పుడు నచ్చాయి.

కట్టడం మొదలైంది. పెద్దాయన బండి పక్కన నిలబడి చెబుతూనే ఉన్నాడు.

"పట్టీ సీటు కిందుగా తియ్యి. ఇంకా బిగించు. సైలెన్సరు అంచుకు తగలనీకు, కాలిపోతుంది."

ఆమెకు చెమటలు కారుతున్నాయి. "చెప్పడమేనా, ఓ చెయ్యి వేసేదేమైనా ఉందా?"

"నేను వేస్తే నీకెప్పుడు వస్తుంది?"

"నోరు మాత్రం బాగా పనిచేస్తుంది మీకు!"

"అదొక్కటే ఇంకా నా మాట వింటోంది తల్లీ."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటు గుండెలోని గుబులూ బయటపడింది. "రేపు ఒక్కటి పగిలినా నా పని పోయినట్టే. అది మళ్లీ ఆ పాతాయనకే. నేను ఏ గోతిలో పడతానా అని కూర్చుని ఉంటాడు."

పెద్దాయన మోకాలితో సంచిని నెట్టి చూశాడు.

"కూర్చునే ఉంటాడులే," అన్నాడు. "సీసాలకు పాత బొంత చింపి చుట్టు. రెండు సంచులూ సమానంగా తూగాలి. కావడి ఎన్ని వంకలు పోయినా ఇల్లు చేరితే సరి. వెళ్లిరా."

మర్నాడు కొండ దారంతా జల్లు. గాలి బండిని అటు నెట్టింది, ఇటు నెట్టింది. బండి వంకలు పోయింది గానీ మొరాయించలేదు. సంచులు డొక్కలకు అతుక్కున్న పిల్లల్లా కదలకుండా కూర్చున్నాయి.

ఆసుపత్రి కాంపౌండరు బొంత విప్పి, ఒక్కో సీసా వెలుగుకు ఎత్తి చూశాడు. అన్నీ చూసి తలూపాడు. "ఒక్క గీత కూడా లేదమ్మా."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "గోదాముకు ఫోన్ చేసి ఆ మాట చెప్పండి. ఆ పాతాయనకు కూడా చెప్పించండి, ఇక ఆశ వదులుకోమని."

"ఆయనేడీ? నిన్న సాయంత్రం బస్సుకే కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఇక రానని నాకు ఫోన్ చేశాడు."

"నిన్ననా? నేనింకా బయల్దేరనే లేదుగా!"

"ఏమోనమ్మా." కాంపౌండరు ఖాళీ సంచి తిప్పి చూస్తూ ఆగిపోయాడు. "ఇవి ఆయనవే, నీ దగ్గరికెలా వచ్చాయి? ఈ నల్లదారం కుట్టు నేను వేసిందే, ఆయన చేతిలో సూది నిలవకపోతే."

నిన్న కొట్లో కోటు జేబుల్లోంచి ఒక్కసారైనా బయటికి రాని ఆ చేతులు, ఆమెకు అప్పుడు కనబడ్డాయి.