పేరులోనే పిండం

"ఈ ఆపరేషన్ కొత్తగా వచ్చింది. తోడబుట్టినవాళ్లు ఒక మూత్రపిండం ఇస్తే ఇక మిషన్‌తో పనుండదు" అని డాక్టర్ అన్నాడో లేదో, నా పెద్దకొడుకు సంగప్ప దిగ్గున లేచాడు.

"బతికున్నోనికి పిండమేంది సారూ? సచ్చినంక కాకులకు పెడతరు గదా!"

"అది వేరయ్యా. ఇవి నడుములో రెండుంటాయి. మనిషికి ఒకటి చాలు."

"పేర్లనే పిండమున్నది. నేనియ్య."

చెప్పులు సరిగా తొడుక్కోకుండానే పటాన్‌చెరు బస్సుకు ఉరికాడు. ఛీ! ఊళ్లో మీసం దువ్వి "తమ్మునికి పానమైనా ఇస్త" అన్న మొగోడు వీడే. పొట్టేలు గుర్దాలు వేయించి పెడితే గిన్నె నాకుతాడు, అవీ మూత్రపిండాలే. తమ్ముడికి ఇవ్వాల్సివస్తే శకునాలు గుర్తొచ్చాయి!

చిన్నోడు చిన్నరాములు మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నాడు. వారానికి రెండుసార్లు పట్నం వచ్చి మిషన్‌తో నెత్తురు కడిగించుకుంటున్నాడు. ఇట్లా ఎన్నాళ్లు లాగుతాడోనని నాకు ఒకటే దడ.

"సూసినవా బిడ్డా నీ అన్నను? వాడొక మనిషా? పిరికి సన్నాసి!"

"తిట్టకే అవ్వా" అన్నాడు వాడు కళ్లు తెరవకుండానే. "నీ నెత్తురు నాకు కలిసింది, నువ్వియ్యొచ్చని సూదులిచ్చే నర్సమ్మ మొన్ననే చెప్పింది. పెద్దోడు వచ్చేదాక ఎవలకు చెప్పకుండ్రని నువ్వే అన్నవట."

నేను నీళ్లు తెస్తానని లేచాను.

వాడే నా చెయ్యి పట్టుకున్నాడు. "భయపడకు. నేనెవలకు చెప్పలే."